అయిదో పేరు

పెత్రమాస పొద్దున రత్నాబాయి మోకాలు బూరెలా పొంగింది. మూడంతస్తుల మెట్లు దిగడం ఆమె వల్ల కాదని కొడుక్కీ కోడలికీ తెలుస్తూనే ఉంది, ఒక్క ఆమెకు తప్ప. బొంబాయి కామాటిపుర పదకొండో గల్లీలో, గదికో కుటుంబం ఉండే ఆ చాల్ నుంచి నలభై ఏళ్లుగా, ఆ అమావాస్య నాడు గుడికెళ్లి చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చి వచ్చేది ఆమే. వెంట ఎవర్నీ రానిచ్చేది కాదు.

కొడుకు మంగేష్ బస్సు డిపోలో మెకానిక్కు. పని నుంచి వచ్చి చెప్పులు విడవగానే అతని మొదటి మాట "అమ్మ తిన్నదా?" అన్నదే. పెళ్లయి పద్నాలుగేళ్లయినా తను తిన్నానో లేదో ఒక్కనాడూ అడగలేదని కోడలు మనాలి దెప్పుతూనే ఉంటుంది. అలాంటి కొడుకు ఆ పూట తల్లిని గడప దాటనిస్తాడా?

చివరికి మనాలే బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు నాలుగు వాటాలు కట్టింది. "నాలుగు పేర్లే చెప్పు బిడ్డా. అయ్యగారు ఏమడిగినా నాకు తెల్వదను," అని అత్త రెండుసార్లు చెప్పింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ వరస. పనుల హడావిడిలో మనాలి పట్టించుకోలేదు.

గుడి అరుగు మీద ముసలి అయ్యగారు నాలుగు పేర్లూ చదివి, అయిదో వాటా కోసం చెయ్యి చాచాడు. నాలుగే తెచ్చానంది మనాలి.

"మీ అత్తగారు ఏటా అయిదు ఇస్తుందమ్మా. మీ మామగారు శంకర్రావు, ఆయన తల్లిదండ్రులు, అన్న. ఆఖరున రత్నాబాయి."

మనాలికి నవ్వొచ్చింది. రత్నాబాయి తన అత్తేననీ, ఇంట్లో బతికే ఉందనీ చెప్పింది. ఆయన నవ్వలేదు. ఆవిడ పేరేమిటో తానెప్పుడూ అడగలేదనీ, ఈ అయిదో పేరు చెప్పేటప్పుడు మాత్రం ఏటా ఏడుస్తుందనీ అన్నాడు.

అత్తను ఒంటరిగా అడగాలనుకుంటూనే మెట్లెక్కింది. అనుకోవడం వరకే. మనాలి నోట్లో నువ్వుగింజ నానదు. మంగేష్ చాయ్ తాగుతుండగానే అనేసింది. "అత్తమ్మా, నీ పేరు మీద నువ్వే బియ్యం ఎందుకిస్తున్నవ్?"

ముసలామె చేతిలోని చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. అయ్యగారికి మతి పోయిందని మంగేష్ నవ్వబోయి, తల్లి ముఖం చూసి కప్పు కింద పెట్టాడు.

"ఆయనకు మతి మంచిగనే ఉంది," అందామె. "రత్నాబాయి నిన్ను కన్న తల్లి. నేను నర్సమ్మను."

నర్సమ్మ మొగుడి తన్నులు పడలేక పాలమూరు దిక్కు నుంచి పారిపోయి వచ్చి, శంకర్రావు దంపతులు పనిచేసే చోటే ఇటుకలు మోసిందట. మొగుడు వెతుక్కుంటూ బొంబాయి వచ్చాడని విన్న వారంలోనే రత్నాబాయి జ్వరంతో పడిపోయింది. శంకర్రావు పుణె దగ్గర వంతెన పనిలో ఉన్నాడు. ఎనిమిది నెలల మంగేష్‌ను చంకనేసుకుని నర్సమ్మే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లింది. బతకడం కష్టమన్నారు. రోగి పేరు, ఊరు అడిగారు. నర్సమ్మ తనవి చెప్పింది.

"నర్సమ్మ సచ్చిందని ఊరికి కాయితం పోతే వాడు ఎతుకుడు ఆపుతడనుకున్న. ఈడ మనుషులెవరన్న ఉన్నరా అంటే లేరన్న. మూడు దినాలు నర్సులు నర్సమ్మా అని పిలుస్తుంటే, కాదు కాదని తలూపింది బిడ్డా. జ్వరం అనుకున్నరు. నేను పక్కనే ఉన్న. చెప్పలే."

శంకర్రావు వచ్చేసరికి అంతా అయిపోయింది. పిల్లవాడు నర్సమ్మ చంక దిగలేదు. ఆయన ఇద్దరినీ ఎవరికీ తెలియని ఈ చాల్‌కు తెచ్చి, రత్నా అని పిలవడం మొదలుపెట్టాడు. పేరు మార్చిన సంగతి ఆయనకు తెలుసు. రత్నాబాయి కాదని తలూపిన సంగతి తెలియకుండానే పోయాడు.

మంగేష్‌కు కోపమొస్తే మరాఠీలోకి పోతాడు. ఆ రోజు తెలుగులోనే మెల్లగా అడిగాడు. "మా అమ్మకు నిప్పు ఎవరు పెట్టిన్రు?"

"మున్సిపాలిటోళ్లు. నా పేరు మీద."

అతను లేచి డబ్బాలోంచి బియ్యం తీశాడు. ఎంత పెట్టాలో తెలియక సగం నేల మీద పోశాడు. సాయం చేయబోయిన మనాలి చెయ్యి పక్కకు నెట్టి, సంచి పట్టుకుని దిగిపోయాడు.

నోరు అదుపులో పెట్టుకోనందుకు మనాలి తనను తాను తిట్టుకుంటూ అన్నం వడ్డించి అత్త ముందు పెట్టింది. పెత్రమాస నాడు ఆమె ఏనాడూ ముద్ద ముట్టదు. పెద్దల కోసం ఉపవాసమని ఇన్నేళ్లూ అనుకుంది.

"ఊళ్లె రెండేండ్ల బిడ్డను ఇడిసొచ్చిన," అంది ముసలామె. "ఇయ్యాల అది నా పేరు మీద బియ్యం ఇస్తది. సచ్చినోళ్లకైతే ముడుతది. నాకెట్ల ముడుతది? అందుకే ఈ పూట తిన బుద్ధి కాదు."

మనాలికి అసహ్యం వేసింది, జాలీ వేసింది. ఏదీ పూర్తిగా నిలవలేదు.

మధ్యాహ్నం మంగేష్ ఖాళీ సంచితో వచ్చాడు. చెప్పులు విడిచాడు. గోడవారగా కూర్చున్న మనిషి వైపు చూడకుండా మనాలిని అడిగాడు.

"ఆమె తిన్నదా?"

లేదంది మనాలి. అతను కాళ్లు కడుక్కోవడానికి మోరీ దగ్గరకు వెళ్లాడు. ఆ ఇంట్లో ఇక అమ్మ అన్న మాట వినపడదని ముగ్గురికీ అర్థమైంది. నర్సమ్మ కంచం దగ్గరకు లాక్కుని, కన్నీళ్లు తుడుచుకోకుండానే అన్నం తినడం మొదలుపెట్టింది.