వెంట ఒక మనిషి ఉండాలి

“పరీక్ష అయ్యాక మిమ్మల్ని ఇంటికి ఎవరు తీసుకెళ్తారు?” అని క్లినిక్ నుంచి ఫోన్ చేసినామె అడిగింది. ఊబర్‌లో వెళ్తానన్నాడు చక్రధర్. మత్తిస్తాం కాబట్టి కుదరదని, తెలిసిన మనిషి వెంట ఉంటేనే పరీక్ష చేస్తామని చెప్పేసింది.

కెనడాలోని ఆ మార్కమ్‌ ఊళ్ళో అతనికి తెలిసినవాళ్ళకేం కొదవ లేదు. క్రికెట్ టీమ్ ఉంది, ఆఫీసులో సగంమంది హైదరాబాద్‌వాళ్ళే. కానీ అందులో ఒక్కరి చెవిన వేస్తే సాయంత్రానికల్లా ఊరంతా టాంటాం అయిపోతుంది.

చివరికి బేస్‌మెంట్ లోంచి మెట్లెక్కి, పైవాటాలో ఉండే పద్మిని తలుపు తట్టాడు. తలా ఒక వంటకం తెచ్చుకునే ఉగాది పాట్‌లక్‌లో తను చేసిన పులిహోరని అతను వద్దన్నప్పటి నుంచి ఆమె అతనితో ముక్తసరిగా మాట్లాడుతోంది. అతనికేమో పైన ఆమె అడుగుల చప్పుడు వినబడకపోతే తోచదు.

“మీ పులిహోర నచ్చక కాదండీ,” అన్నాడు. “అప్పుడే హాస్పిటల్ నుంచి వచ్చాను. పేగులో చిన్న చిన్న సంచుల్లా ఏర్పడి వాచాయి. డైవర్టిక్యులైటిస్ అంటారు. పల్లీలు, పప్పులు కొన్నాళ్ళు వద్దన్నారు.”

“ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా? ఉప్పెక్కువైందేమోనని ఇంటికొచ్చి రెండు ప్లేట్లు తిని చూశాను.”

“ఇప్పుడు వాపు తగ్గింది. కొలనోస్కోపీ అని పేగులోకి కెమెరా పంపి, లోపల క్యాన్సర్‌లాంటిదేమీ దాక్కోలేదని చూసుకుంటారట. వెంట ఒక మనిషి ఉండాలి.”

పద్మిని మొహంలో నవ్వు తగ్గింది. “భయమేస్తోందా?”

“వేస్తోంది.”

“నిజం చెప్పారు కాబట్టి లీవ్ పెట్టి వస్తా. కోతలు కోసుంటే మీకు ఊబరే గతి.”

పరీక్ష ముందురోజు ఏమీ తినకూడదు, తేటగా ఉన్నవే తాగాలి. చారు కన్నా తేట ఏముంటుందని చక్రధర్ టమాటా చారు కాచి, గ్లాసులో పోసుకుని, నోటి దాకా తెచ్చాడు. ఎలా ఉన్నాడో చూద్దామని దిగి వచ్చిన పద్మిని ఆ గ్లాసు లాక్కుంది.

“ఎర్ర రంగువి తాగొద్దనలేదూ? రేపు డాక్టర్ చూసి రక్తమనుకుంటే?”

“చారే కదండీ.”

“టమాటా గింజలు, ఆవాలు, కరివేపాకు. పోపు కూడా ఘనంగా పెట్టారు. రేపు కెమెరాకేమైనా విందా?”

పైకి వెళ్ళి, కూరగాయలు ఉడికించిన నీళ్ళు గుడ్డలో వడగట్టి, ఉప్పేసి తెచ్చింది. ఆకలి రుచెరగదంటారు గానీ చక్రధర్‌కి ఆ నీళ్ళలో బోలెడు రుచి కనిపించింది. తర్వాత కడుపు ఖాళీ అయ్యే మందు తాగాడు. ఆ సాయంత్రం సంగతి మర్యాదస్తులు మాట్లాడుకోరు.

మర్నాడు క్లినిక్‌లో, వీపు వైపు తెరుచుకునే గౌను వేసుకుని, చేతులు వెనక్కి పెట్టి దాన్ని బిగించి పట్టుకుని నిలబడ్డాడు.

“రిజల్ట్ బాగుంటే మీకొక మాట చెబుతాను,” అన్నాడు.

“బాగోకపోతే?”

“చెప్పను. మిమ్మల్ని ఇందులోకి లాగడం న్యాయం కాదు.”

“అయితే ఆ మాట నాకొద్దు. అన్నీ బాగున్నప్పుడే చెప్పే మాట నేనేం చేసుకోను?”

నర్సు పిలిచింది. చక్రధర్ రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

“మీరంటే నాకు ఇష్టం, పద్మిని గారూ. లోపల ఏమున్నా సరే.”

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. “మత్తు దిగాక అడగండి. ముందా గౌను సరిగ్గా పట్టుకోండి.”

మరుసటి పొద్దున తన మంచం మీద లేచేసరికి అతనికి ఆ తర్వాత జరిగిందేదీ గుర్తులేదు. గబగబా మెట్లెక్కాడు.

“డాక్టర్ ఏమన్నారు?”

“క్యాన్సర్ లేదు. వాపు పూర్తిగా తగ్గింది. మీకు గుర్తుండదని నన్ను కూర్చోబెట్టి చెప్పారు.”

చక్రధర్ అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. కళ్ళు చెమర్చాయి, దాచుకోవాలనిపించలేదు.

“ఇంకోటి కూడా అడగాలి,” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

“నిన్న కారులో మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ సరేనన్నాను.”

“నాకొక్కటీ గుర్తులేదు.”

“వరంగల్‌లో ఉన్న మా అమ్మకి వీడియో కాల్ చేయమని పట్టుబట్టి ఆవిడనీ అడిగారు. ‘పిలగాడు మంచిగున్నడు, జర సన్నగయిండు, కడుపు నిండ పెట్టు’ అంది.”

అతను సిగ్గుతో తల పట్టుకున్నాడు. “ఇప్పుడు పూర్తి తెలివిలో ఉన్నాను. నాలుగోసారి అడగనా?”

పద్మిని లోపలికెళ్ళి పళ్ళెం తెచ్చింది. పులిహోర, దాని నిండా వేయించిన పల్లీలు.

“పల్లీలు తినొచ్చా?”

“డాక్టర్ని అడిగాను. బాగా నమిలి తినమన్నారు.”

ఒక ముద్ద తిన్నాడు. ఆమె అతని మొహంలోకే చూస్తోంది.

“ఉప్పు కాస్త ఎక్కువైంది,” అన్నాడు చక్రధర్.

“నిజం చెప్పారు,” అని పద్మిని అతని పక్కన మెట్టు మీద కూర్చుంది. “సరే. ఈసారైనా గుర్తుపెట్టుకోండి.”