ఆరు సెకన్ల నైట్రస్

స్పీడోమీటర్ ముల్లు నూట నలభై దాటింది!

స్టీరింగ్ ముందు గోవర్ధన్. పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది... పిస్తోలు.

పట్టుకున్నవాడు మల్లేశ్వర్. పావుగంట క్రితం మామిడిపల్లి షెడ్డులో ఓనర్ బిక్షాన్ని దాంతోనే కాల్చాడు. చూసిన మెకానిక్ గోవర్ధన్‌ని రిపేరుకు తెచ్చిన తన కారులోకే తోసి, నడపమన్నాడు.

వెనక సైరన్!

షెడ్డు పక్కవాళ్లు ఫోన్ చేసినట్టున్నారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద పోలీస్ జీపు దగ్గరవుతోంది.

“నైట్రస్ నొక్కు!” ఇంజన్‌లోకి గ్యాస్ వదిలి వేగం పెంచే ఎర్ర బటన్ చూపిస్తూ అరుస్తున్నాడు మల్లేశ్వర్.

“వద్దన్నా! ఇంజన్ పోతది!”

“ఏంది? నువ్వే కదరా బిగించింది! పది సెకన్లు ఏం కాదన్నవ్!”

“గ్యాస్‌తో పాటు పెట్రోల్ గూడ ఎక్కువ రావాలన్నా! ఆ పైపు జామైంది. సాఫ్ చేద్దామనే షెడ్డుకు తెమ్మన్న. గిట్లనే నొక్కితే లోపట వేడెక్కి పిస్టన్లు కరిగిపోతయ్!”

“నన్ను పట్టియ్యనీకి కత చెప్తున్నవా?”

“నా బిడ్డ మీద ఒట్టన్నా!”

ఇంజన్ ఆగితే తన ప్రాణం కూడా అక్కడే ఆగుతుంది. గోవర్ధన్‌కి తెలుసు.

మల్లేశ్వర్ నమ్మలేదు. చెయ్యి చాచి, తనే ఎర్ర బటన్ నొక్కేశాడు.

కారు ఒక్కసారిగా ముందుకు దూకింది!

నూట అరవై... నూట ఎనభై... అద్దంలో జీపు చుక్కయిపోయింది.

“చూసినవా? ఏమైందిరా?” మల్లేశ్వర్ నవ్వుతున్నాడు. బటన్ మీద వేలు తియ్యడం లేదు.

నాలుగు సెకన్లు... అయిదు...

“చాలన్నా... ఇడిసిపెట్టు!”

ఠంగ్!

ఇనుము విరిగిన చప్పుడు. బానెట్ సందుల్లోంచి తెల్లటి పొగ. ముందు అద్దం నిండా ఆయిల్! కారు డివైడర్‌ని గీరుకుంటూ పోయి ఆగిపోయింది. శంషాబాద్ ఎగ్జిట్ ఇంకా కిలోమీటరు.

గోవర్ధన్ కళ్లు మూసుకున్నాడు. ఇక కాలుస్తాడు...

కాల్చలేదు!

పక్కన గుడ్డతో ఏదో తుడుస్తున్న చప్పుడు. అరచేతిలో చల్లటి బరువు. కళ్లు తెరిచాడు.

పిస్తోలు... తన చేతిలో!

మల్లేశ్వర్ డోర్ తీసుకుని, రెండు చేతులూ పైకెత్తి, వస్తున్న జీపుకి ఎదురు పరుగెడుతున్నాడు.

“సార్! కాపాడుండ్రి! వీడే బిక్షాన్ని చంపిండు! నన్నెత్తుకొచ్చిండు!”

జీపు ఆగింది. ఎస్సై రివాల్వర్ గురిపెట్టి దూకాడు.

“గన్ కింద పడెయ్!”

బిగుసుకుపోయిన గోవర్ధన్ వేళ్లు విచ్చుకోవడం లేదు. కాదు సార్, నేను కాదు... చెప్పాలని కిటికీ వైపు తిరిగాడు.

చేతిలో పిస్తోలు కూడా ఎస్సై వైపు తిరిగింది.

ఢాం!