చొక్కా తొడిగిన గడ్డిబొమ్మ

బుల్లమ్మకి కాకుల్ని తిట్టకపోతే తెల్లారదు. పెరట్లో పాత వల పరిచి నెత్తళ్ల చేపలు ఎండబెట్టడం, నాలుగడుగులు వేసేలోగా కాకులు వాలడం, ఆవిడ వాటి ఏడు తరాలనూ తలుచుకోవడం, ఇదంతా ఆ ఇంట్లో కాఫీకి ముందు జరిగే పని. ఆ రోజు కూడా తిట్టింది గానీ, మాటమాటకీ ఆగి సముద్రం వైపు చూసింది. ముందురోజు వేటకి వెళ్లిన కొడుకు త్రినాథ్ బోటు ఇంకా రాలేదు. పైగా గాలి మారింది. ఒడ్డున అలల చప్పుడు ఎప్పుడూ ఉండేదే అయినా, ఆ వేళ ఎవరో ఇంటి గోడని మోచేత్తో పొడుస్తున్నట్టు వినిపిస్తోంది.

"మద్దినానికి ఒచ్చెస్తాడులే," అంది కోడలితో, కోడలు అడక్కుండానే. "గాలి ఎదురుగున్నాది గదా, నిమ్మదిగా వస్తాడు. నాను రెండూళ్లు తిరిగి చేపలు అమ్ముకొచ్చెస్తాను. నువ్వు ఈ కాకుల సంగతి సూడు."

"ఎల్లిరా అత్తా. నేను సూసుకుంటాను," అంది అరుణశ్రీ.

భోగాపురం నుంచి సముద్రం వైపు వచ్చే రోడ్డుకి చిట్టచివర ఉన్న చేపల ఊరు అది. అరుణశ్రీది మాత్రం ఈ ఉప్పుగాలి కాదు. రామతీర్థం దగ్గర పల్లెలో వరి పండించే ఇల్లు. విజయనగరంలో డిగ్రీ చదువుతూ త్రినాథ్ మీద మనసు పడింది. పొలానికీ వలకీ పెళ్లేమిటని అటూ ఇటూ నవ్వారు. కన్నతండ్రి మాట్లాడటం మానేశాడు. బుల్లమ్మ మాత్రం పిల్లని ఎగాదిగా చూసి, "ముల్లు తీసుకొని తినడం వస్తాదా?" అని ఒక్క ప్రశ్న వేసి లోపలికి రమ్మంది.

ఆ పిల్లకి ఒక పిచ్చి ఉంది. సముద్రం విసిరికొట్టిన చెత్తంతా ఏరుకొస్తుంది. తెగిన చెప్పు చేపవుతుంది, కొబ్బరి చిప్పకి పుల్లలు గుచ్చితే పీతవుతుంది, వల బంతికి రెండు గవ్వలు అతికిస్తే పక్కింటి ముసలావిడ అయిపోతుంది. ఆ ముసలావిడే వచ్చి తన మూతి చూసుకుని పడీపడీ నవ్వింది. త్రినాథ్ వేట నుంచి వస్తూనే, "ఈరోజు ఏటి సేసినావే?" అని అడుగుతాడు, అన్నం సంగతి తర్వాత. నీళ్లల్లో దొరికిన రంగు రంగు ముక్కలు నడుముకి కట్టుకొచ్చి పెళ్లాం ఒళ్లో పోస్తాడు. మొగుడు చీర తెచ్చాడని మురిసే ఊళ్లో, చెత్త తెచ్చాడని మురిసేది అరుణశ్రీ ఒక్కతే.

అత్త వెళ్లాక ఆమె కాకుల సంగతి చూసింది. కోళ్ల గూటి కప్పుకని తెచ్చిన వరిగడ్డి ఉంది. రెండు వెదురు కర్రలు అడ్డంగా కట్టి, గడ్డి చుట్టి, ఇంటి వెనక తాడు మీద ఆరేసిన త్రినాథ్ నీలం గళ్ల చొక్కా తొడిగింది. తలకి అటకమీది కుండ దించి, సున్నంతో పళ్లు, బొగ్గుతో మీసం వేసింది. ఒక కనుబొమ్మ పైకెత్తి, మూతి ఒక పక్కకి తిప్పి నవ్వడం త్రినాథ్ అలవాటు. ఆ నవ్వు కుండ మీద దిగేసరికి ఆమెకే నవ్వాగలేదు. పుట్టింట్లో ప్రతి ఏడూ చేనుకి తనే దిష్టిబొమ్మ కట్టేది. చేతులు చాచి నిలబెట్టగానే కాకులు ఒక్కసారిగా లేచి పోయాయి. అత్త వచ్చి చూసి ఏమంటుందో అని, మిగిలిన సున్నం అరుగుకి పూస్తూ కూడా నాలుగుసార్లు వాకిట్లోకి వచ్చింది.

మధ్యాహ్నం దాటింది. బుల్లమ్మ ఖాళీ గంపతో సందు మలుపు తిరిగి, పెరట్లో నీలం గళ్ల చొక్కా చూసింది.

"ఒచ్చెసినావేటిరా నాయినా," అంది అక్కడి నుంచే. కాళ్లలో ఎక్కడలేని ఓపికా వచ్చింది. "బోటు ఎప్పుడొచ్చినాది? అన్నం తిన్నావా? పలకవేటిరా."

చొక్కా పలకలేదు. గాలికి చేయి కదిలింది. అంచులోంచి గడ్డి బయటికి వచ్చింది.

బుల్లమ్మ చేతిలో గంప జారి ఇసుకలో దొర్లింది. ఆ చప్పుడికి అరుణశ్రీ సున్నం చేతులతోనే నవ్వుకుంటూ వచ్చింది.

"సూడత్తా, పొద్దుటేల నించి ఒక్క కాకి వాలితే ఒట్టు."

"దీన్ని ఎవులు కట్టినారు?"

"నేనే."

"ఆడి సొక్కా ఎందుకు తొడిగినావు?"

"పాతదే కదత్తా. మోచేతికాడ సిరిగిపోనాది."

"గడ్డి కట్టి, ఆడి సొక్కా తొడిగి, ఆడు సంద్రం మీదుండగా..." బుల్లమ్మ ఉన్నచోటనే కూలబడింది.

ఇరుగుపొరుగు ఆడవాళ్లు గోడ దగ్గరికి వచ్చారు. అరుణశ్రీ ఏం చేసినా వచ్చి నవ్వే మనుషులే. ఈసారి ఒకావిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకావిడ చంటిబిడ్డ కళ్లు మూసి లోపలికి తీసుకుపోయింది. తిట్టినా బాగుండునని అరుణశ్రీకి అనిపించింది.

అంతలో ఒడ్డు వైపు నుంచి జగన్నాధం వచ్చాడు. ఊరికి పెద్ద, బుల్లమ్మకి వరసకి అన్న. "సెల్లీ, బోట్లన్నీ ఒచ్చెసినాయి. మనోడిదే రానేదు. ఫోను కలవడం నేదు. రెండు బోట్లు ఎతకడానికి పంపినాను," అంటూనే పెరట్లోకి చూశాడు. చెయ్యి దానంతట అదే భుజం మీది తువ్వాలుని తీసింది. చావింటి ముందు తీసినట్టు తీశానని మరుక్షణం తెలుసుకుని, గబగబా మళ్లీ వేసుకున్నాడు. కానీ అత్తా చూసింది, కోడలూ చూసింది.

"నేనేటి తప్పు సేసినానో ఎవులైనా సెప్పండి," అంది అరుణశ్రీ. "వద్దంటే ఇప్పుడే తీసేస్తాను. పొయ్యిలో ఎట్టేస్తాను."

గోడ దగ్గర అందరూ ఒక్కసారి 'ఓలమ్మో' అన్నారు. బుల్లమ్మ లేచి కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది. "కాల్సడం మాట ఎత్తకు. నీకు దండమెడతాను, ఆ మాట ఎత్తకు."

"పోనీ, నీట్లో..."

"నీట్లో అసలొద్దమ్మా," అన్నాడు జగన్నాధం. "ఎక్కడో పొలాల కాడ పుట్టినదానివి, నీకు తెలవదు. సంద్రం మీద మనిసి పోయి శవం దొరకలేదనుకో, ఊరికే వదిలీలేం గదా. గడ్డితో మనిసిని కట్టి, ఆడి సొక్కా తొడిగి, పాడె మీదెట్టి తీసుకెల్లి కాలుస్తాం. మీ మావ ఎర్రన్నకీ అలాగే సేసినాం. త్రినాథుడు అప్పటికి పాలు తాగతన్నాడు. బతికున్నోడికి ఇలాటిది కట్టినోలు ఈ ఊర్లో నాకు తెలిసి ఎవులూ నేరు."

అరుణశ్రీ తన చేతుల కేసి చూసుకుంది. పొద్దున ఆ చొక్కాలో గడ్డి కూరుతూ కూనిరాగం తీసింది. ఛాతీ సరిపోలేదని ఇంకో గుప్పెడు కూరింది. మొగుడి పాడె మీద పడుకోబెట్టవలసినదాన్ని తన చేతుల్తో కట్టి, మీసం దిద్ది, మురిసిపోయింది. శకునాలంటే నవ్వే చదువు ఆమెది. ఆ చదువంతా ఇప్పుడు సముద్రం చప్పుడు ముందు ఎందుకూ పనికిరాలేదు.

"మీ నాయిన కాడికి ఎల్లిపో తల్లీ," అంది బుల్లమ్మ. అందులో కోపం లేదు, ఆ లేకపోవడమే అరుణశ్రీని భయపెట్టింది. "ఆడొచ్చినాక నానే ఒచ్చి పిలుస్తాను. ఇప్పుడు నిన్ను సూస్తే నాకు బయమేస్తన్నాది. నీ సేతులు సూస్తే బయమేస్తన్నాది."

కన్నతండ్రి గుమ్మం మూసినప్పుడు కూడా అంత దుఃఖం రాలేదు అరుణశ్రీకి. కళ్లు తుడుచుకోబోయి, చేతుల నిండా సున్నం ఉందని గుర్తొచ్చి ఊరుకుంది.

"నేనెల్లను," అంది. "కట్టిన సేతులే విప్పాల. మా ఊర్లో కోతలయినాక దిష్టిబొమ్మని కాల్సరు అత్తా. మా నాయిన ముడి ముడీ విప్పి, గడ్డి పశువులకేసి, సొక్కా ఉతుక్కుని తనే తొడుక్కునేవోడు. దాన్తోనే మల్లీ దుక్కికెల్లేవోడు."

బుల్లమ్మ తలెత్తింది. "తొడుక్కునేవోడా?"

"ప్రతి ఏడూ."

"ఏటీ అయ్యేది కాదా?"

"దురద ఎట్టేది."

జగన్నాధం అటు తిరిగి నిలబడ్డాడు. గోడ దగ్గర ఎవరో ఊపిరి వదిలారు. ఆ మాటలో ఏముందో గానీ, బుల్లమ్మ కాసేపు కోడలి మొహం చూసి, "అయితే బేగి పట్టు," అంది. "సొక్కా నువ్వు తియ్యి. గడ్డి నాను లాగుతాను. ఒక్క పరక కింద పడనీకు."

ఇద్దరూ ఇసుకలో కూర్చుని విప్పడం మొదలుపెట్టారు. కట్టడానికి పట్టినంతసేపు విప్పడానికి పట్టదు గానీ, బుల్లమ్మ తొందరపడనివ్వలేదు. ముడి కోయకుండా గోటితో విప్పించింది. విప్పిన గడ్డిని కోళ్ల గూటి మీదకి చేర్చింది. చొక్కా నీళ్లలో జాడించి, దులిపి, తాడు మీద వేస్తే అది గాలికి మళ్లీ ఉబ్బింది. ఇద్దరూ అటు చూడలేదు. సముద్రం మీద ఆకాశం సీసం రంగుకి తిరిగింది. జగన్నాధం ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం, దించడం, అంతకుమించి ఏ కబురూ లేదు.

ఆఖరికి కుండ మిగిలింది. "పగలగొట్టకండి, అదీ ఆ కార్యంలోదే," అని గోడ మీంచి ఒకావిడ గుర్తు చేసింది. బుల్లమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుంది. ఆ మొహం చెరపడానికి తడిచెయ్యి ఎత్తింది. కుండ మూతి ఒక పక్కకి తిప్పి నవ్వుతోంది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఆ బొమ్మకి మొకం నేదే," అంది.

"ఏ బొమ్మకత్తా?"

"మీ మావ బొమ్మకి. తలకాడ తెల్లగుడ్డ సుట్టీసినారు. కల్లూ ముక్కూ ఎట్టండిరా, ఆడి మొకం సూసి పంపుతానని నాను ఏడిస్తే, పొద్దు పోతన్నాదని తీసుకెల్లిపోనారు. ఇప్పుడు ఆయన్ని తలుసుకుంటే ఆ గుడ్డే కనపడతాది. ఓటు కార్డు మీద పొటో ఒకటున్నాది. అది నల్లటి మచ్చ. మనిసో బూడిదగుమ్మడికాయో తెలవదు. ఈ నవ్వు ఇలాగే నవ్వేవోడే మీ మావ. ఇందాక నాను దీన్ని అటేపు నించి సూసినప్పుడు కొడుకొచ్చినాడనే అనుకున్నాను. దగ్గరికొచ్చేసరికి..."

ఆమె కుండ మీద నీళ్లు పోసి, అరచేత్తో మెల్లగా, బిడ్డకి స్నానం చేయించినట్టు ఆ నవ్వుని కడిగింది. సున్నం, బొగ్గు కలిసి వేళ్ల మధ్యనుంచి కారాయి. అత్త భుజం మీద తల పెట్టాలనిపించినా, తన చేతులంటే ఆవిడకి భయమని అరుణశ్రీ దూరంగానే కూర్చుంది.

పొద్దు వాలుతుండగా జగన్నాధం ఫోను మోగింది. అతను రెండు మాటలు విని, మొహం తిప్పుకున్నాడు. "వల బోటు కింద తిరిగే ఫ్యానుకి సుట్టుకుపోనాదంట. ఇంజను ఆగిపోయి కొట్టుకుపోనారంట. చింతపల్లోల్లు సూసి తాడేసి ఆల రేవుకి లాక్కెల్లినారు. అందరూ బాగున్నారు. మనోడు ఆటో ఎక్కినాడంట సెల్లీ."

బుల్లమ్మ ఏడవలేదు. చెయ్యి చాచి, గోళ్ల సందుల్లో సున్నం ఇంకా పోని కోడలి చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది అరుణశ్రీ, వెక్కి వెక్కి.

"ఎల్లిపొమ్మన్నాను గదే," అంది బుల్లమ్మ. "నా నోరు పడిపోను."

"ఇంకెప్పుడూ కట్టను అత్తా."

"ఎందుకు కట్టవు? గడ్డి మనిసొద్దు, అంతే. పీతలూ సేపలూ నీ ఇట్టం." ఆగి, కుండని కోడలి ముందుకి తోసింది. "మీ మావ మొకం వేస్తావా? నాను సెప్తాను."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మీసం ఎడం పక్క పలచన. చెవులు పెద్దవి, కొంచెం నిలబడి ఉంటాయి. ముందు పన్ను విరిగింది, పెళ్లిలో చెరుకుగడ కొరికి. "ముక్కు అంత సిన్నది కాదే, ఆయన ముక్కు ముందొచ్చేది, ఆయనెనకొచ్చేవోడు," అని గదిమింది. చెరిపి మళ్లీ వేయించింది. నుదుటి మీద గీత ఉందా లేదా అని చాలాసేపు ఆలోచించింది. తనకే తెలియనంత మెల్లగా ఒక్కొక్కటీ గుర్తొస్తూ వచ్చాయి. గోడ దగ్గర వాళ్లంతా ఎప్పుడో లోపలికి వచ్చి చుట్టూ కూర్చున్నారు. జగన్నాధం వంగి చూసి, "అచ్చం ఎర్రన్నే," అన్నాడు, అని కళ్లు తుడుచుకున్నాడు.

సందులో ఆటో ఆగింది. త్రినాథ్ ఎవరిదో లుంగీ కట్టుకుని, ఉప్పు పేరుకున్న మొహంతో దిగాడు. ఇంటి ముందు జనాన్ని చూసి బెదిరిపోయాడు. తల్లినీ పెళ్లాన్నీ చూసి కుదుటపడ్డాడు. అలవాటు కొద్దీ, "ఈరోజు ఏటి సేసినావే?" అని అడిగాడు.

బుల్లమ్మ కుండని రెండు చేతులతో ఎత్తి కొడుక్కి చూపించింది.

త్రినాథ్ మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. చెవులు చూశాడు, పన్ను చూశాడు, ఒక పక్కకి తిరిగిన మూతి చూశాడు. "ఎవులే ఈడు? నాలాగున్నాడు," అన్నాడు.

"కాదురా," అంది బుల్లమ్మ. "నువ్వే ఈయనలాగున్నావు. మీ అయ్యరా."

త్రినాథ్ పుట్టి బుద్ధెరిగాక తండ్రి మొహం చూడటం అదే మొదలు. ఉప్పు కట్టిన వేలితో ఆ విరిగిన పన్నుని తాకబోయి, తడి ఇంకా ఆరలేదని, ఊరికే పక్కన కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.