ఓటిలియా ఊట దగ్గర దగ్గు

పార్కులో దీపాలు ఆర్పేశాక ఓటిలియా ఊట వైపు ఎవరూ వెళ్లేవారు కాదు. మా బాద్ ఎల్మెన్‌బోర్న్‌లో పుట్టి పెరిగినవాళ్లయినా సరే, కీళ్లనొప్పులకి నీళ్ల వైద్యం కోసం వచ్చినవాళ్లయినా సరే... చుట్టు తిరిగి చర్చి వీధిలోంచి పోయేవారు గానీ, ఆ దారి తొక్కేవారు కాదు.

పగలు చూస్తే అంత ముచ్చటైన చోటు ఇంకోటి లేదు. తెల్లటి స్తంభాల మంటపం, ఓ పక్క బ్యాండు మేళం, గ్లాసులు పట్టుకుని గుక్కకో నాలుగడుగులు వేస్తూ తిరిగే టోపీల ముసలమ్మలు. మంటపం వెనకాల గుండ్రటి గోపురం గది. దాని కింద నేలమాళిగ. ఊట పుట్టేది అక్కడే.

చీకటి పడితే ఆ నేలమాళిగ ఊపిరి పీల్చి వదుల్తుందనేవారు.

జార్ల కాలంలో ఒక రష్యా దొరసాని ఈ నీళ్ల కోసం వచ్చి, జబ్బు తగ్గకుండానే పోయిందట... ఆవిడే అని కొందరు. కాదు, యుద్ధంలో హోటళ్లన్నీ ఆసుపత్రులు చేసినప్పుడు చచ్చిపోయిన కుర్ర సైనికులని కొందరు. ఎవరైతేనేం— బుస్స్... మని ఒక నిట్టూర్పు. తలుపు కింద సన్నటి వెలుతురు. ఆ తర్వాత, ఇనుము మూలిగినట్టు ఒక మూలుగు.

నేను పై ఊరినుంచి వచ్చి ఇక్కడ మట్టి స్నానాల్లో పనికి కుదిరినదాన్ని. వేడి బురద ఒళ్లంతా పూసి, దుప్పట్లలో చుట్టి పడుకోబెడితే మనిషికి చేతులాడవు, కాళ్లాడవు. ముక్కు మీద చెమట కూడా నేనే తుడవాలి. ఆ కాసేపూ నోరొక్కటే మిగులుతుంది. గెర్లిండె ఈ సంగతి నాకు చెప్పింది అలా పడుకునే.

ఆవిడది ఊట దగ్గర నీళ్లు పోసే పని. తెల్లటి ఏప్రను, తెల్లటి టోపీ. రాతి బల్ల వెనక నిలబడి, ఇత్తడి కుళాయి తిప్పి, గ్లాసు నింపి చేతికిచ్చేది. ఊరికే ఇచ్చేది కాదు. "నెమ్మదిగా తాగండి. లోపలికి వెళ్లి దాని పని అది చూసుకుంటుంది" అనేది. ఆవిడ తల్లీ అదే పని, అమ్మమ్మా అదే పని. ఆ నీళ్లంటే ఆవిడకి చర్చి కంటే ఎక్కువ.

మొగుడు ఆన్‌సెల్మ్. స్నానాల భవనంలో బాయిలర్లు చూసుకునేవాడు. మాటలు తక్కువ, దగ్గెక్కువ. బొగ్గు పొగకి పట్టిన దగ్గు— రెండు పొట్టివి, ఒక పొడుగుది, చివర గొంతు సవరించుకోవడం. వీధి చివర వినబడితే ఆవిడ సూపు వేడికి పెట్టేది.

ఆ ఆన్‌సెల్మ్‌కి మూత్రపిండాల్లో రాళ్లొచ్చాయి. నగరంలో పెద్ద డాక్టర్లు ఆపరేషన్ చెయ్యాల్సిందే అన్నారు.

"కత్తా? ఎందుకూ?" అంది గెర్లిండె. "రాజులొచ్చి మన నీళ్లు తాగి రాళ్లు కరిగించుకున్నారు. నీవేమన్నా వాళ్లవాటికంటే గట్టివా?"

ఆయనేం మాట్లాడలేదట. ఆవిడ పొద్దున పరగడుపున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు తెచ్చి ఇచ్చేది. తాగేవాడు. ఖాళీ గ్లాసు తిరిగి చేతికిచ్చి, "బాగుంది" అనేవాడు.

శీతకాలం సగంలో రాళ్లు అడ్డం పడి, విషం ఒళ్లంతా పాకి, చనిపోయాడు.

ఆవిడ పని మానలేదు. నల్ల గౌను మీద తెల్ల ఏప్రను కట్టుకుని నీళ్లు పోస్తూనే ఉంది. అందరికీ పనిచేసే నీళ్లు నా మొగుడొక్కడికే ఎందుకు పనిచెయ్యలేదు... అని మాత్రం లోలోపల ఒకటే రంపపు కోత.

తర్వాతి నవంబరు. పొగమంచు. సాయంత్రానికే చీకటి. బ్యాండువాళ్లు వాయిద్యాలు సర్దుకుని వెళ్లిపోయారు. ఆవిడ గ్లాసులు కడిగి బోర్లించి, మంటపం దిగుతోంది.

వెనక, గోపురం గది కిందనుంచి—

రెండు పొట్టివి. ఒక పొడుగుది. చివర గొంతు సవరించుకోవడం.



ఎలా ఇల్లు చేరిందో తెలీదు. చెల్లెలు హిల్ట్రుడ్ దగ్గరికి పరుగెత్తింది. హిల్ట్రుడ్‌ది వేఫర్ల కొట్టు. పల్చటి గుండ్రటి బిస్కెట్లు, మధ్యలో బాదం పొడి. ఊట నీళ్ల ఉప్పురుచి పోవడానికి వచ్చినవాళ్లందరూ కొనుక్కునేవి.

"ఆన్‌సెల్మ్ దగ్గు విన్నానే."

హిల్ట్రుడ్ మొహం తెల్లబోయింది. "నీకు మతిపోయిందా అక్కా? ఆ నేలమాళిగ జోలికి వెళ్లకు... నా మీద ఒట్టు, వెళ్లకు."

"దెయ్యమైతే మాత్రం? నా మొగుడే కదా."

"చచ్చినవాళ్లని కదపకూడదు. ఊరుకో."

ఆవిడ ఊరుకోలేదు. మర్నాడు సాయంత్రం బీరువాలోంచి ఆన్‌సెల్మ్ ఉన్ని మఫ్లర్ తీసింది. చలికి దగ్గుతున్నాడేమోనని. మీరు నవ్వితే నవ్వండి... మఫ్లర్ మడతపెట్టి చంకలో పెట్టుకుని, ఆవిడ దెయ్యం దగ్గరికి బయల్దేరింది.

పార్కు దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. చెట్లనుంచి తడి ఆకులు రాలుతున్నాయి— టప్... టప్... ఆవిడ గోడ తడుముకుంటూ గోపురం గది వెనక్కి వెళ్లింది. అక్కడ నేలమాళిగకి మెట్లు. మెట్ల చివర ఇనప తలుపు.

తలుపు కింద వెలుతురు.

బుస్స్...

ఆ నిట్టూర్పు ఆవిడ పాదాల మీదికే వచ్చినట్టయింది. వెనక్కి తిరగాలనిపించింది. తిరిగితే మళ్లీ రాలేనని తెలుసు.

లోపల దగ్గు.

"ఆన్‌సెల్మ్..." అంది, పెదాలు కదిలీ కదలనట్టు.

దగ్గు ఆగిపోయింది. వెలుతురు టక్కున ఆరిపోయింది.

"నేనే... మఫ్లర్ తెచ్చాను."

ఎక్కడో నీళ్లు చుక్క చుక్కగా పడుతున్నాయి.

తలుపు తోసింది. తెరుచుకుంది. లోపల కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. ఆ చీకటిలో ఎవరో ఉన్నారు. ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు... ఆవిడకి తెలుస్తోంది.

"ఆపరేషన్ వద్దన్నది నేనే" అంది. "నా నమ్మకమే నిన్ను తినేసింది. అది చెప్పుకుందామనే వచ్చాను. క్షమించానని ఒక్క మాట అను... పోతాను."

తర్వాత—

దెయ్యం ఏడ్చింది.

వెక్కి వెక్కి, మగవాడు ఏడ్చినట్టు ఏడ్చింది. "ఇంక చాలు" అంది. "ఇంక చాలు వదినా..."

వదినా!

గెర్లిండె తడుముకుని గోడ మీద స్విచ్ వేసింది. ఆన్‌సెల్మ్ తమ్ముడు లూడోల్ఫ్. అన్న పోయాక బాయిలర్ పనిలో చేరినవాడు. అదే పొగ, అదే దగ్గు. మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఉన్నాడు. పక్కన పెద్ద తొట్టి. ఉప్పు బస్తా, సోడా బస్తా. గోడకి ఆనించి, నీళ్లకి బుడగలెక్కించే గ్యాస్ సిలిండరు. దాని మూతి సగం తిప్పి ఉంది... బుస్స్ మంటోంది.

మధ్యలో ఊట రాతి గుండం. ఆవిడ వంగి చూసింది. ఎండిపోయి ఉంది. అడుగున దుమ్ము, దుమ్ము మీద సాలెగూడు.

"ఎప్పట్నుంచి?"

"రాళ్ల క్వారీలో పెద్ద పేలుడు పేల్చారు చూడు, ఆ వసంతం నుంచి. నేల లోపల నీటి దారి తప్పిపోయింది. మర్నాటికి చుక్క లేదు." లూడోల్ఫ్ ముక్కు తుడుచుకున్నాడు. "ఊట లేదంటే ఊరే లేదన్నారు. కుళాయి నీళ్లకి రుచి కలిపి పైకి పంపిస్తున్నాం. చీకటి పడ్డాక ఎవరూ ఇటు రాకుండా ఆ దొరసాని కథ కాస్త ఎగదోశాం..."

ఆవిడకి ఆ మాటలు కొన్నే వినబడ్డాయి. ఆ వసంతం. ఆన్‌సెల్మ్ జబ్బు పడింది ఆ తర్వాత.

"అయితే నా మొగుడు తాగింది..."

"కుళాయి నీళ్లే వదినా."

మఫ్లర్‌తోనే కొట్టింది. ఉన్ని దెబ్బ ఎక్కడ తగులుతుంది? అయినా చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టింది. "నీ అన్నని చంపావురా! ఇంట్లో కూర్చుని నా వంట తింటూ, ఆయన చస్తుంటే చూస్తూ కూర్చున్నావు!"

లూడోల్ఫ్ తలెత్తలేదు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

అక్కణ్నుంచి చెల్లెలింటికి. హిల్ట్రుడ్ వేఫర్ల అచ్చు కడుగుతోంది. అక్క మొహం చూడగానే చేతిలో గుడ్డ జారిపోయింది.

"నీకు తెలుసు."

"అక్కా, కూర్చో ముందు."

"నీకు తెలుసు!"

"ఊళ్లో ఎవరికి తెలీదు చెప్పు?" అంది హిల్ట్రుడ్ చివరికి, గొంతు తగ్గించి. "మేయర్‌కి తెలుసు, హోటళ్లవాళ్లకి తెలుసు, బ్యాండు మాస్టరుకి తెలుసు."

"నాకు తెలీదు."

"నీకెలా చెప్తాం? చెప్తే నువ్వా గ్లాసు అలా అందించగలవా? మేమెవరం పోసినా మొహంలో దొరికిపోతాం. వాళ్లు తాగేది ఆ నీళ్లు చూసి కాదక్కా. నీ మొహం చూసి తాగుతారు."

గెర్లిండె తిరిగి పార్కుకి వెళ్లింది. లూడోల్ఫ్ లేడు. నేలమాళిగలో, పైకి నీళ్లెక్కించే పైపు మొదట్లో ఉన్న చక్రం బిగించేసి, దాని పిడి ఊడదీసి, కాలవలో పారేసి వచ్చి పడుకుంది. నిద్రపట్టిందట కూడా.

మర్నాడు ఆదివారం. ఆదివారాల్లో మొదటి గ్లాసు మేయర్ హోల్ట్‌గ్రేవె తాగాలి, జనం చప్పట్లు కొట్టాలి— అది ఊరి ఆనవాయితీ. ఆవిడ ఉతికిన ఏప్రను కట్టుకుంది. బ్యాండు మొదలైంది. మేయర్ చెయ్యి చాచాడు. ఆవిడ కుళాయి తిప్పింది.

గాలి వచ్చింది. గరగరమని ఒక చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

"ఏమైంది?" అన్నాడు మేయర్, పళ్ల మధ్యనుంచి. "నవ్వు. జనం చూస్తున్నారు."

ఆవిడ ఖాళీ గ్లాసు ఆయన చేతిలోనే పెట్టింది. "ఊట ఎండిపోయిందండీ" అంది, వెనక వరసకి కూడా వినబడేలా. "ఇవాళ కాదు, ఏళ్లయింది. ఇన్నాళ్లూ మీకు పోసింది కుళాయి నీళ్లు. ఎందుకు పోయించారో మేయర్ గారిని అడగండి."

బ్యాండు మాస్టరు అటు తిరిగి ఉన్నాడు. ఆ గోలలో కూడా కాసేపు వాయిస్తూనే ఉన్నాడు పాపం.

శీతకాలం దాటేలోపల హోటళ్లు ఒకదాని వెనక ఒకటి తలుపులు వేసుకున్నాయి. స్టేషన్ బోర్డు మీద 'బాద్' అనే మాట, అదే నీళ్ల వైద్యం ఊరన్న బిరుదు, చెరిపేశారు. మేం అలవాటు మీద అంటాం గానీ, మాది ఇప్పుడు ఉత్త ఎల్మెన్‌బోర్న్. మట్టి స్నానాలు మాత్రం మిగిలాయి. మట్టి నిజమైనదే కాబట్టి. వీధిలో గెర్లిండె ఎదురైతే జనం అవతలి పక్కకి మారిపోయేవారు. హిల్ట్రుడ్ కొట్టు మూసేసి, అక్కకి చెప్పకుండానే ఊరొదిలి వెళ్లిపోయింది.

లూడోల్ఫ్ కూడా వెళ్లిపోతూ, చివరిసారి వచ్చాడట. వంటింట్లో కూర్చోమనకపోయినా కూర్చున్నాడు.

"అన్నని చంపావన్నావు. పడ్డాను. ఇంకా పడదామనే అనుకున్నాను వదినా... నా వల్ల కావడం లేదు."

"ఏమిటి?"

"ఆ పైపు వేసింది నేను కాదు."

ఆవిడ చేతిలో బంగాళదుంప చెక్కుతున్న కత్తి ఆగింది.

"బాయిలర్ గదినుంచి నేలమాళిగదాకా, ఎవరి కంటా పడకుండా పైపు వెయ్యడం ఈ ఊళ్లో ఎవరికి చేతనవును? ఉప్పు పాళ్లు కట్టింది కూడా అన్నయ్యే. నీ నాలిక పసిగట్టకూడదని ఎన్నిసార్లు రుచి చూసుకున్నాడో... నేను ఆయన నేర్పింది చేశానంతే."

"అయితే..." ఆవిడ కత్తి బల్ల మీద పెట్టింది. "నేను తెచ్చిచ్చిన గ్లాసు..."

"తెలిసే తాగాడు. ప్రతి గ్లాసూ."

"ఆపరేషన్‌కి పోతానని ఒక్క మాట అంటే ఏం పోయింది!"

"అంటే ఎందుకని అడుగుతావు కదా, వదినా. అడిగితే ఊట సంగతి చెప్పాలి."

ఇంతవరకూ చెప్పి గెర్లిండె ఆగిపోయింది. దుప్పట్లలో చుట్టి ఉంది కదా... మొహం అటు తిప్పుకోవడానికి కూడా వీల్లేదు. నేను గుడ్డ తీసుకుని తుడిచాను. అది చెమటేనా అని అడగలేదు.

మా శ్మశానం మీకు తెలుసుగా— గేటు పక్కనే కుళాయి, వరసగా తగిలించిన నీళ్ల డబ్బాలు. ఆదివారం వస్తే ఆడవాళ్లందరూ తలో డబ్బా నింపుకుని, తమవాళ్ల సమాధుల మీది పూలమొక్కలకి పోస్తారు. గెర్లిండె కూడా వస్తుంది. ఎండైనా, మంచైనా ఆన్‌సెల్మ్ రాయి ముందు నిలబడుతుంది. అందరూ వెళ్లిపోయాక కూడా నిలబడుతుంది. ఆ సమాధి మీద గడ్డి సైతం మాడిపోయి ఉంటుంది.

ఒక్క చుక్క పొయ్యదు.