బ్లేడు దించిన చప్పుడు

మా పొలం చివర ఒక రేకుల షెడ్డుంది. చీకటి పడితే దాని పక్కనుంచి ఎవరూ పోరు. అటుగా వస్తే దారి కలిసొస్తుందని తెలిసినా, గట్టు చుట్టూ తిరిగి బురద తొక్కుకుంటూ పోతారు. లోపల పాత బుల్డోజరు ఉంది... దాని సీట్లో, రెండేళ్ల కిందట పోయిన మా మామగారు కూర్చుని ఉంటారట. రాత్రిళ్లు, ముందుండే మట్టి తోసే బ్లేడు దించుతారట.

ఆ "అట" మీదే బతుకుతారు జనం. నా ముందు మాత్రం ఎవరూ నోరు మెదపరు. ఒకసారి పాలు పోసే మనిషి మెదిపాడు. పగలు కళ్లు మూసుకుని పాలల్లో నీళ్లు పోసేవాడికి రాత్రి దెయ్యాలు కనబడటంలో వింతేముంది అన్నాను. మర్నాటినుంచి పాలు చిక్కగా వచ్చాయి.

మామగారు పోయింది మాత్రం ఆ సీట్లోనే.

ఆయనకి ఒక పద్ధతి ఉండేది. పని అయ్యాక బండి షెడ్డులో పెట్టి, ఇంజను ఆపి, పొగగొట్టం మీద పాత డబ్బా ఒకటి బోర్లించేవారు, వాన నీళ్లు లోపలికి పోకుండా. ఆఖర్న బ్లేడు లివరు తోసేవారు. అంత ఇనుమూ ఒక్కసారిగా నేలను తాకేది... ధబ్! ఇంటిదాకా వినబడేది. అది వింటే ఆయన బండి దిగినట్టు. నేను లేచి కంచం పెట్టేదాన్ని. బ్లేడు దించకుండా ఆయన ఏనాడూ బండి దిగలేదు.

ఆ రాత్రి ధబ్ వినబడలేదు. ఇంజను మాత్రం నడుస్తూనే ఉంది. ఇంకా పనిలో ఉన్నారనుకున్నాం. డీజిలు అయిపోయి ఆ చప్పుడూ ఆగింది. అయినా కంచం పెట్టుకుని, ఆ ధబ్ కోసం చాలాసేపు కూర్చున్నాను. తర్వాత లాంతరు పట్టుకుని షెడ్డుకి వెళ్లాం... సీట్లో తల వాల్చేసి ఉన్నారు. గుండె ఆగింది. బ్లేడు ఇంకా పైనే ఉంది.

మర్నాడు జనం వచ్చేసరికి అది నేల మీద ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. వాళ్లకి ఇంకేం కావాలి?

దానికి దెయ్యం అక్కర్లేదు. మామగారే ఒకసారి నాతో చెప్పారు. "బ్లేడును ఎత్తిపట్టే గొట్టాల్లో వాషర్లు అరిగిపోయాయమ్మా. ఆయిలు కారుతుంది. ఎత్తి వదిలేస్తే రాత్రంతా వెంట్రుకంత వెంట్రుకంత దిగుతుంది. చప్పుడు కూడా ఉండదు. దాని కింద కుక్కను కూడా పడుకోనివ్వకు." అదీ సంగతి. దిగడానికి ఇంజను అక్కర్లేదు. లేవడానికే కావాలి. ఈ రెండు ముక్కలూ ఎంతమందికి చెప్పినా బుర్రకెక్కలేదు.

ఇక మా మరిది. నేను కాపురానికి వచ్చేనాటికి నిక్కర్లు వేసుకునేవాడు కాబట్టి "వాడు" అనే అంటాను. పెద్దయ్యాక కూడా ఆ మాట మార్చుకునే అవసరం నాకు కలిగించలేదు.

మామగారు వాణ్ణి ఆ సీటు ఎక్కనిచ్చేవారు కాదు. ఇనప పట్టాల మీద కాలు పెడితే చాలు, "దిగరా వెర్రివెధవా" అనేవారు. ఆయన కొడుకుతో మాట్లాడిన మాటల్లో సగం అవే. వాడికి మాత్రం ఒకటే కోరిక — ఒక్కసారి నాన్న చూస్తుండగా ఆ బండి నడపాలని. అది తీరకుండానే ఆయన పోయారు.

ఈసారి వానలకి ముందే పొలం గట్టు తెగింది. మట్టి తోయాలి. నేనే బండి తీస్తానన్నాడు.

"నీకేం వచ్చు?" అన్నాను.

"ఫోన్లో చూశాను వదినా."

ఫోన్లో చూసి ఈత కూడా నేర్చుకున్నవాడు వాడు. నీళ్లలోకి మాత్రం దిగలేదు.

ఆ బండికి రెండు ఇంజన్లు. పక్కనున్న చిన్న పెట్రోలు ఇంజను తాడు లాగి లేపాలి, అది పెద్ద డీజిలు ఇంజనును తిప్పి లేపుతుంది. వాడు పొద్దుటినుంచి తాడు లాగాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. నాన్న శాపం అన్నాడు. సాయంత్రం వాడి పెళ్లాం, అంటే నా తోడికోడలు, కాఫీ ఇవ్వడానికి వెళ్లి, "పెట్రోలు మీట తిప్పావా?" అని అడిగింది. తిప్పలేదు.

చిన్నది టపటపమంది. పెద్దది దగ్గింది, ఆగింది, మళ్లీ దగ్గి నల్లటి పొగ కక్కుతూ లేచింది. పొగగొట్టం మీద బోర్లించిన డబ్బా ఎగిరి పైరేకుకి తగిలింది — ఠంగ్! దాన్ని ముందు తీసి పక్కన పెట్టాలని ఫోను చెప్పలేదు కాబోలు. తీయకుండా ఇంజను లేపితే ఆ డబ్బా ఎప్పుడైనా అలాగే ఎగిరిపోతుంది.

వాడికి కారు నడపడం వచ్చు. అదే కొంప ముంచింది. ఆ బండిలో కాలి కిందున్న పెడలు తొక్కితే వేగం తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. ఎదురుగా గోడ దగ్గరవుతోందని భయపడి వాడు కాలు తీసేశాడు. బండి ఊపందుకుంది. వాడు ఇంకా భయపడి, ఆపడానికి తాళంచెవి కోసం తడుముకున్నాడు. దానికి తాళంచెవి లేదు. ఏనాడూ లేదు. డీజిలు ఆపే మీట వాడి చేతికి తగిలేసరికి గోడ కూలింది, పైన రెండు రేకులు ఊడాయి.

మళ్లీ లేపి, ఎలాగో బండి వెనక్కి తెచ్చాడు. డబ్బా వెతికి బోర్లించాడు. బ్లేడు మాత్రం నడుమెత్తున వదిలేశాడు. అలా ఉంటే దర్జాగా ఉందట.

తెల్లారేసరికి బ్లేడు నేల మీద ఉంది.

నా తోడికోడలు పరిగెత్తుకొచ్చింది. "అక్కా... మామయ్య వచ్చారు. నేను చెప్పలా?"

వాళ్లిద్దర్నీ కూర్చోబెట్టి వాషర్ల సంగతి మళ్లీ చెప్పాను. దాని కిందికి పోవద్దని కూడా చెప్పాను. వాడు తలూపాడు. వాడు తలూపాడంటే వినలేదని అర్థం.

ఆ సాయంత్రం మళ్లీ ఇంజను లేపి, బ్లేడు నడుమెత్తున ఎత్తి వదిలి, ఇంజను ఆపి డబ్బా బోర్లించాడు. చాపా, స్టీలు నీళ్ల సీసా చంకన పెట్టుకుని షెడ్డుకి బయల్దేరాడు.

"ఎక్కడికి?"

"కాపలాకి. నాన్న వస్తే అడగాలి వదినా."

"ఏమని?"

"బండి నడిపాను... చూశావా అని."

"గోడ కూడా చూపించు," అన్నాను. వాడు నవ్వలేదు.

అక్కడినుంచి జరిగింది వాడు చెప్పగా విన్నదే.

చాలాసేపు ఏమీ లేదట. తర్వాత వాన మొదలైంది. వాడే ఊడగొట్టిన రేకుల సందులోంచి షెడ్డంతా కారింది. తడవని చోటు ఒక్కటే మిగిలింది — బండి మూతి కింద. అక్కడే చాప వేసుకున్నాడు. తల ఇంజను కింద, నడుము సరిగ్గా బ్లేడు అంచు కింద. పక్కనే నిలబెట్టిన నీళ్ల సీసా.

వాషర్లు గుర్తు రాలేదా అని తర్వాత అడిగాను. వచ్చాయట. కానీ దించేది నాన్న కదా, నేను కాపలా ఉండగా ఆయన కనబడకుండా ఎలా దించుతాడు అనుకున్నాడట. ఇలాంటి లెక్క మా అత్తింట్లో తప్ప ఇంకెక్కడా తేలదు.

నిద్రపోయాడు.

పక్కకి తిరగబోతే మెలకువ వచ్చింది. తిరగలేకపోయాడు. నడుము మీద ఏదో ఉంది... చల్లగా, అడ్డంగా. చెయ్యి పెట్టి చూశాడు. ఇనుము.

తోశాడు. అది కదలదు. కడుపు లోపలికి లాక్కున్నాడు. ఆ లాక్కున్నంత మేరా అది దిగింది. ఊపిరి వదిలాడు... మళ్లీ పీల్చుకోవడానికి చోటు లేదు. పక్కన సీసా నెమ్మదిగా కిర్రుమంటూ నలుగుతోంది. అరిచాననుకున్నాడట, కానీ గొంతులోంచి గాలి కూడా రాలేదు. పైన రేకుల మీద వాన.

పెళ్లాం గుర్తొచ్చిందట. తర్వాత... పైన సీటు స్ప్రింగు కదిలింది.

ఎవరో బరువుగా కూర్చున్నట్టు.

ఇంజను చప్పుడు లేదు. అయినా బ్లేడు లేచింది. కడుపు మీదినుంచి పైకి, ఇంకా పైకి. చీకట్లో, చెవి దగ్గర అన్నంత సన్నగా ఒక మాట వినబడిందట —

"దిగిపోరా... వెర్రివెధవా."

వాడు మా తలుపు బాదేసరికి ఒళ్లంతా బురద. మా ఆయన లేచి, సంగతి విని, అటు తిరిగి పడుకున్నాడు. ఆ వంశమే అంత. నేనే టార్చి తీసుకున్నాను.

"కల కన్నావు," అన్నాను దారిలో. "బ్లేడు దిగుతుంటే భయపడి బయటికి పాకావు. మిగతాదంతా నీ బుర్రలో పుట్టింది. పద, చూపిస్తాను. ఈపాటికి అది నేల మీద ఉంటుంది."

వాడు ఏడుస్తున్నాడు. నవ్వుతున్నాడు కూడా. "నాన్న నన్ను పిలిచాడు వదినా," అంటున్నాడు. పిలిచిన పిలుపేమిటో పట్టించుకోలేదు.

షెడ్డులోకి టార్చి వేశాను.

బ్లేడు నేల మీద లేదు. నా గొంతు ఎత్తున ఉంది. సాయంత్రం వాడు వదిలిన ఎత్తు కంటే పైకి.

చాప పక్కన నీళ్ల సీసా జానెడు ఎత్తుకి అణిగిపోయి ఉంది. వాడి చొక్కా ఎత్తి చూశాను. కడుపు మీద అడ్డంగా, గీత గీసినట్టు కమిలిపోయింది. దిగడం నిజమే. దిగడానికి కారణం నాకు తెలుసు.

వీడే తిక్కలో ఇంజను లేపి ఎత్తి ఉంటాడనుకున్నాను. ఇంజను మీద చెయ్యి పెట్టాను. చల్లగా, తడిగా ఉంది. టార్చి పైకి ఎత్తాను. పొగగొట్టం మీద డబ్బా బోర్లించినట్టే ఉంది. దాని మీద వాన చుక్కలు టిక్కు టిక్కు మంటున్నాయి.

నాకు తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

"పద," అన్నాను. వాడి చెయ్యి పట్టుకుని గట్టు మీదికి వచ్చాను. ఇంటి దీపం కనబడుతోంది. సగం దూరం వచ్చాం...

ధబ్!

వాషర్లు అరిగి దిగితే చప్పుడు ఉండదు. ఇది లివరు తోసి దించిన చప్పుడు. రెండేళ్ల కిందటి రాత్రి నేను కంచం ముందు కూర్చుని, రాలేదే రాలేదే అని ఎదురుచూసిన చప్పుడు.

"వదినా..." అన్నాడు వాడు, "నాన్న —"

"నోర్మూసుకుని నడువు."

ఇద్దరం వెనక్కి తిరిగి చూడలేదు. ఇంట్లోకి వచ్చాక వాడు పెళ్లాన్ని పట్టుకుని మళ్లీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. నేను వంటింట్లోకి వెళ్లాను. కాసేపటికి నా తోడికోడలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఈ వేళప్పుడు కంచం ఎవరికక్కా?"

అప్పుడు చూసుకున్నాను. నా చేతిలో ఉన్నది మామగారి కంచం.