ఓవెన్‌ని ఔటిచ్చినవాడు

"ఔట్!"

పిల్లల బేస్‌బాల్ ఆటలో అంపైర్ చెయ్యెత్తగానే మార్తా గ్యాలరీలో లేచి నిలబడింది.

"ఔటేంటయ్యా! వాడి కాలు బేస్ మీద పడ్డాకే కదా బంతొచ్చింది! కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?"

అంపైర్ మాస్కు తీశాడు. కుర్రవాడే. మొహం మాత్రం నవ్వు మరిచిపోయి చాలా కాలమైనట్టుంది.

"మేడమ్, ఇంకొక్క మాటన్నారంటే కంచె బయట నిలబడాల్సొస్తుంది."

మార్తా ఆ ఇంకొక్క మాటా అనేసింది.

మిగతా ఆటంతా కంచె బయట ముసురులో తడుస్తూ చూసింది. పదేళ్ళ ఓవెన్ బెంచీ చివర తలొంచుకుని కూచున్నాడు. అదే జట్టులో ఆడుతున్న వాడి చెల్లెలు జూన్, టోపీ కళ్ళ మీదికి జారుతున్నా సర్దుకోకుండా అన్ననే చూస్తోంది.

వాళ్ళమ్మ ఎలెన్ ఆ ఏడు చలికాలంలోనే, మంచులో కారు జారి పోయింది. ఆవిడ మార్తాకి సొంత అక్క. బావ ట్రావిస్‌కి ఉక్కు మిల్లులో షిఫ్టులు. పిల్లల్ని చూసుకునే మనిషి లేక, మార్తా పిట్స్‌బర్గ్‌లో ఉద్యోగం మానేసి ఈ ఊరొచ్చేసింది. ఎలెన్ ఉన్నన్నాళ్ళూ పిల్లల చేత ఒక్క సీజనూ మాన్పించలేదు. అందుకే ఈ ఏడూ లీగులో పేర్లిచ్చారు.

ఆటయ్యాక అంపైర్ నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు.

"నా పేరు వెస్లీ. మీరన్నది నిజం. బేస్ పక్కన బురదలో బాబు కాలిగుర్తు చూశాను. వాడు ముందే చేరాడు."

"మరి మార్చలేదే?"

"చూసేసరికి ఆట ముందుకెళ్ళిపోయింది. ఇక మార్చడానికి లేదు. వాడికి చెప్పడానికైతే ఉంది. పిలుస్తారా?"

ఓవెన్ వచ్చాడు. వెస్లీ బురదలోనే గొంతుక్కూచున్నాడు.

"నువ్వు బాగానే పరిగెత్తావు. తప్పు నాది, నీది కాదు."

ఓవెన్ అతని వంక అలాగే చూశాడు. ఉన్నట్టుండి బావురుమన్నాడు. తల్లి అంత్యక్రియల్లో కూడా ఏడవని పిల్లాడు!

"పిన్నీ... అమ్మ ఆ రోజు నా బూట్లకోసమే వెళ్ళింది. మంచులో వద్దన్నా నేనే మారాం చేశాను."

మార్తా వాణ్ణి గుండెలకి హత్తుకుంది. ఇన్నాళ్ళూ ఇంత బరువు మోస్తూ వీడు అన్నం ఎలా తిన్నాడు? ఎలా నిద్రపోయాడు?

ఆ తర్వాత ప్రతి శనివారం ఆటయ్యాక వెస్లీ కాఫీ కొట్టు దగ్గర కనిపించేవాడు. పలకరించడానికి మాత్రం వెనకాడేవాడు.

"మీతో మాట్లాడితే మీ జట్టుకి ఫేవర్ చేస్తున్నానంటారు."

"మా జట్టుకా? ఓడిపోవడానికి కూడా ఎవరైనా సాయం చెయ్యాలా?"

వెస్లీ నవ్వాడు. ఆ నవ్వు చూడ్డానికి మార్తా వారమంతా ఎదురుచూసే రోజులొచ్చాయి. మీరు కాస్తా నువ్వులోకి దిగింది. ఇంటికెళ్ళాక ఎలెన్ ఖాళీ కుర్చీ చూసినప్పుడు మాత్రం, తను ఇలా నవ్వొచ్చా అనిపించేది.

సీజన్ చివర్లో ట్రావిస్ చెప్పాడు.

"మిల్లు మూసేస్తున్నారు మార్తా. నెబ్రాస్కాలో మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాం."

"నేనూ వస్తాను" అనేసింది. జూన్ ఆమె మెడకి వేలాడింది.

ఆ మాట వెస్లీకి చెబితే, చేతిలో కాఫీ కప్పు వంకే చూస్తూ అన్నాడు.

"మంచిది. వాళ్ళకి నువ్వు కావాలి."

"అంతేనా? ఇంకేం అనవా?"

"నేనేమన్నా పిల్లల నోటికాడి కూడు లాక్కున్నట్టే అవుతుంది."

"మహానుభావుడివి!" అని విసురుగా వెళ్ళిపోయింది. కారెక్కాక ఏడ్చింది.

ఆఖరి ఆట కూడా ఓడిపోయారు. మర్నాడు ట్రక్కులో సామానెక్కించారు. మార్తా పెట్టె తెచ్చేసరికి ట్రావిస్ దాన్ని గడప దగ్గరే దింపించాడు.

"ఇది ఇక్కడే ఉంటుంది."

"అదేంటి బావా?"

"ఆ అంపైర్ సంగతి ఓవెన్ అంతా చెప్పాడు. ఎలెన్ ఎలాగూ పోయింది. నీ బతుకు కూడా మాకే ధారపోస్తే అది నన్ను క్షమించదు. ఇల్లు అమ్ముడయ్యేదాకా ఇక్కడే ఉండు. సెలవులకి పిల్లల్ని నేనే పంపిస్తాను."

"పిల్లలు..."

"మా అమ్మ నలుగుర్ని పెంచింది. పర్లేదు."

జూన్‌ని మార్తా నుంచి విడదియ్యడం ఎవరివల్లా కాలేదు. చివరికి ఓవెనే చెల్లెలి చెయ్యి పట్టుకుని, "పద, పిన్నికి ఫోన్ చేద్దాం రోజూ" అని లాక్కెళ్ళాడు. ట్రక్కు మలుపు తిరిగింది.

కాళ్ళు ఎటు లాగితే అటు నడిచి, మైదానానికి చేరింది మార్తా. మైదానం పని కూడా చూసుకునే వెస్లీ ఒక్కడే నేల చదును చేస్తున్నాడు.

"వెళ్ళలేదా?"

"వదిలేసి వెళ్ళారు."

అతను సంతోషపడలేదు. పార పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు.

"ఉండమని అడగాలని ఎంత అనుకున్నానో నీకు తెలీదు."

"ఇప్పుడడుగు."

"ఉండు మార్తా. నువ్వంటే నాకిష్టం. ఇవాళే నవ్వాలని ఏమీ లేదు."

అప్పుడు వచ్చింది ఏడుపు, అక్క కోసం, ఖాళీ అయిన ఇంటి కోసం. అతను ఊరుకోమనలేదు. పక్కనే నిలబడ్డాడు.

చినుకులు మొదలయ్యాయి. మట్టి తడవకుండా కప్పే పెద్ద పట్టా ఓ మూల చుట్టి ఉంది.

"ఒక్కడివే లాగుతావా దీన్ని?" కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"రోజూ ఒక్కణ్ణే."

మార్తా వంగి అవతలి కొస పట్టుకుంది.