చెట్టు లేని వరుస

“కేతేపల్లి వాల్వ్ స్టేషన్‌లో బాంబు లేదు ఫహీం. మనీష మనల్ని నమ్మించి గొంతు కోసింది.”

ఇయర్‌పీస్‌లో చీఫ్ బెంజమిన్ గొంతు వణికింది. పదేళ్ల సర్వీసులో ఆ గొంతు వణకడం ఏజెంట్ ఫహీం ఎన్నడూ వినలేదు.

“కోబాల్ట్ ముఠా గుట్టు లాగమని మనమే ఆమెను లోపలికి పంపాం. ఆమెను వాళ్లు కొనేశారు. గ్యాస్ పైప్‌లైన్ ఇవాళ పదకొండింటికే పేలుతుంది. ఎక్కడో తెలీదు.”

పదీ యాభై అయింది. బత్తాయిల దళారి వేషంలో ఉన్న ఫహీం బైకు కట్టంగూర్ వైపు దూసుకుపోతోంది. చేతి వాచీలో పేలుడు పదార్థాన్ని పసిగట్టే సెన్సార్ ఉంది. పొద్దుట్నుంచీ అది ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది.

రోడ్డు పక్క బత్తాయి తోటలో బోరు లారీ నిలబడి ఉంది. పైప్‌లైన్ గుర్తుగా పాతిన పసుపు కడ్డీలు దూరంగా గట్టు మీద ఉన్నాయి. కానీ తోట నడుమ ఒక వరుసలో ఒక్క చెట్టూ లేదు. ఫహీం బ్రేకు వేశాడు. వేళ్లు పైపును పట్టేస్తాయని దాని మీద చెట్టు నాటనివ్వరు. కడ్డీల్ని ఒక్క పూటలో పీకి మార్చొచ్చు, కాపుకొచ్చిన చెట్లను మార్చలేరు. లారీ నిలబడింది సరిగ్గా ఆ ఖాళీ వరుసలోనే.

సెన్సార్ మాట్లాడకపోవడంలో తప్పు లేదు. ఇక్కడ బాంబే లేదు, బోరే బాంబు.

బైకు పడేసి పరుగెత్తాడు. “ఆపు! ఆపు!” కంప్రెసర్ హోరులో ఆ కేక అతనికే వినపడలేదు. బోరు నడిపే సైదులు చెవుల్లో దూది పెట్టుకుని, తోట యజమాని నిర్మలమ్మ చేతి సైగ మీదే కళ్లు పెట్టాడు. బోరు ఆపమనే మాట జాగా గలవాళ్లదే, దారినపోయేవాడిది కాదు.

నిర్మలమ్మ అడ్డం వచ్చి అతని చెవిలో అరిచింది. “ఎవలయ్యా నువ్వు? రెండు బోర్లు ఎండినయ్. చెట్లు సస్తున్నయ్. గిదీ ఆపుతవా?”

“కింద గ్యాస్ పైపున్నదమ్మా!”

“నాకు తెల్వదా? కడ్డీ మీది నంబరుకు ఫోన్ జేసి అడిగినంకనే ఏస్తున్న. మేడమొచ్చి జాగ సూపెట్టింది. పైపును గట్టుకాడికి మార్చినమన్నది.”

రోడ్డు మీద జీపు స్టార్టయింది. పసుపు జాకెట్, నల్ల కళ్లద్దాలు. మనీష! కడ్డీలతో పాటు వాటి మీది నంబరూ మార్చేసింది. పాపం, నిర్మలమ్మ చేయాల్సిందంతా చేసింది. ఫోన్ ఎత్తింది మాత్రం శత్రువు.

బోరు నేలలోకి దిగుతోంది. అవతల ఊరు ఊరంతా ఉంది. తుపాకీ తీస్తే సైదులు బెదిరి ఏ లివర్ లాగుతాడో! ఫహీంకు ఏడుపొచ్చింది. చేతులు జోడించాడు.

“మార్చేటప్పుడు తవ్విండ్రా? నువ్వు సూసినవా అమ్మా?”

నిర్మలమ్మ గట్టు వైపు చూసింది. ఒక్కనాడు కూడా విడవకుండా తోటలోనే ఉందామె. ఎవరూ పలుగు వేయలేదు. తవ్వకుండా పైపు ఎట్లా జరుగుతుంది?

అప్పుడే దుమ్ములో పసుపు రంగు ప్లాస్టిక్ ముక్కలు పైకి ఎగిరాయి. పైపు పైన హెచ్చరికగా పరిచే పట్టా అది. ఇంక జానెడే!

నిర్మలమ్మ రెండు చేతులూ తలపైకెత్తి అడ్డంగా ఊపింది. సైదులు లివర్ లాగాడు. హోరు ఆగింది. తోటలో పిట్టల అరుపు వినపడింది. వాచీలో సరిగ్గా పదకొండు.

మనీష జీపు ఎంతో దూరం పోలేదు. టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్ పనిచేయక ఆగిపోతే, బెంజమిన్ మనుషులు తీరిగ్గా దింపుకున్నారు.

నిర్మలమ్మ బోరు గుంతలోకి తొంగి చూసింది. “పానాలు కాపాడినవు బిడ్డా. మరి నా చెట్లకు నీళ్లెట్ల?”

ఫహీం ముందు పైప్‌లైన్ ఆఫీసు అసలు నంబరుకు ఫోన్ చేయించాడు. వాళ్లొచ్చి, టేపు పట్టి, ఎక్కడ తవ్వొచ్చో ముగ్గు పోశారు. ఆ తర్వాత దేశాన్ని కాపాడిన ఏజెంట్, అరచేతిలో పీచు కొబ్బరికాయ పెట్టుకుని, నీటిజాడ కోసం ముగ్గు అవతల సాయంత్రం దాకా తిరిగాడు. వాచీ లాగే అదీ ఉలకలేదు, పలకలేదు.